కాంట్రాక్టరు కావాలంటే ఏ కాగితం కావాలి?

మార్కాపురం, గిద్దలూరు వైపు ఇంజినీరింగ్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడూ, పదేళ్లుగా తాపీ పట్టిన బేల్దారి మేస్త్రీ, పొలం అమ్మిన డబ్బు చేతిలో ఉన్న రైతూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: కాంట్రాక్టరు లైసెన్సు ఎట్లా తీయాలి? ముగ్గురికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు. ఎవరి పని చేయాలనుకుంటున్నారు, ఏ పని చేయాలనుకుంటున్నారు అన్నదాన్ని బట్టి కాగితం మారుతుంది, ఇచ్చే ఆఫీసూ మారుతుంది. కొన్ని పనులకైతే ఏ కాగితమూ అక్కర్లేదు.

ముందు చిక్కుముడి విప్పుకుందాం. ప్రభుత్వ పనులకు టెండరు వేయాలంటే ఇంజినీరింగ్ శాఖల్లో కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. జనం వాడుకలో ఇదే 'లైసెన్సు'. కరెంటు వైరింగు పని గుత్తకు తీసుకోవాలంటే విద్యుత్ తనిఖీ విభాగం నుంచి లైసెన్సు కావాలి. ఇది పేరుకే కాదు, చట్టరీత్యా కూడా లైసెన్సే. మున్సిపాలిటీలో ప్లాను గీసి సంతకం పెట్టే ఇంజినీరుకు, సర్వేయరుకు, ఆర్కిటెక్టుకు లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ గుర్తింపు ఉండాలి. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, 8కి మించిన ఫ్లాట్లతో గానీ కట్టి అమ్మేవాళ్లు 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) కింద ప్రాజెక్టును నమోదు చేయాలి. 10 మంది లేక అంతకు మించి కూలీలతో కట్టడం నడిపేవాళ్ల కోసం కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ వేరే ఉంది.

ఇక, సొంత స్థలంలో మనం కట్టుకునే ఇంటిని గుత్తకు తీసుకునే మేస్త్రీకి ఏం కావాలి? ఆచరణలో ఏమీ అక్కర్లేదు. భవన నిబంధనలు బిల్డర్ల గురించీ డెవలపర్ల గురించీ మాట్లాడతాయి గానీ, వీధి చివర మేస్త్రీ దాకా అవి దిగిరావు. పశ్చిమ ప్రకాశంలో లేచే ఇళ్లలో అత్యధికం ఆయన చేతి మీదుగానే లేస్తాయి.

ఈ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రభుత్వం తన ఖజానాకు గట్టి కాపలా పెట్టుకుందని తెలుస్తుంది. అప్పు చేసి ఇల్లు కట్టుకునే మనిషిని మాత్రం ఆయన అదృష్టానికి వదిలేసింది. ఆ కాపలా కూడా కొలిచేది కాంట్రాక్టరు జేబునే, చేతి పనిని కాదు. ఈ వ్యాసం చూసేది ఈ రెండు లోపాలనే.

2003 జీవో కట్టిన మెట్లు

ప్రభుత్వ పనుల రిజిస్ట్రేషన్‌కు ఉమ్మడి రాష్ట్రంలో 2003 జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94 మూలం. ఒక్క ఉత్తర్వులో కాంట్రాక్టర్ల తరగతులూ టెండరు నియమాలూ కూడా చేరాయి. ఆ జీవో ప్రకారం అయిదో తరగతి కాంట్రాక్టరు 10 లక్షల దాకా, నాలుగో తరగతి 50 లక్షల దాకా, మూడో తరగతి కోటి దాకా, రెండో తరగతి 2 కోట్ల దాకా, ఒకటో తరగతి 10 కోట్ల దాకా పనులు చేయొచ్చు. ఆపైన స్పెషల్ క్లాసు. కింది తరగతులకు సర్కిల్, డివిజన్ స్థాయి ఇంజినీర్లు, పై తరగతులకు చీఫ్ ఇంజినీర్ల స్థాయి అధికారులు రిజిస్ట్రేషన్ ఇస్తారు. గడువు 5 ఏళ్లు. తీరాక రెన్యూవల్ చేయించుకోవాలి.

దరఖాస్తు ఫైల్లో ముందు ఉండేవి పాన్ కార్డు, జీఎస్టీ నంబరు, ఆదాయపు పన్ను రిటర్నులు. తర్వాత సాల్వెన్సీ సర్టిఫికెట్: ఈ మనిషికి ఇంత విలువైన ఆస్తి ఉంది, నష్టం వస్తే రాబట్టుకోవచ్చు అని రెవెన్యూ అధికారి గానీ బ్యాంకు గానీ రాసిచ్చే కాగితం. తరగతి పెరిగేకొద్దీ గతంలో చేసిన పనుల అనుభవ పత్రాలు, ఏటేటి టర్నోవరు మీద చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం, జీతమిచ్చి పెట్టుకున్న ఇంజినీర్ల వివరాలు, సొంతవో లీజువో యంత్రాల జాబితా తోడవుతాయి. గోడ తూకానికి కట్టడం వచ్చా, చువ్వ ఎక్కడ వంచాలో తెలుసా అని అడిగే కాలమ్ ఈ ఫైల్లో ఎక్కడా కనిపించదు. పరీక్ష లేదు. ఇంటర్వ్యూ లేదు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇందులో తర్కం ఉంది. పని నాణ్యతను ఏఈ, డీఈఈ, ఈఈ వరుసగా చూసుకుంటారు, ఎం బుక్కులో కొలతలు రాస్తారు, క్వాలిటీ కంట్రోల్ విభాగం వేరే ఉంటుంది. కాంట్రాక్టరు మధ్యలో వదిలి పారిపోకుండా ఉంటే చాలు. అందుకే ఆర్థిక స్తోమతు మీదే చూపంతా. కానీ ఆ కాగితాన్ని చూసి ఊళ్లో జనం 'లైసెన్సున్న కాంట్రాక్టరు గదా, పని బాగా చేస్తాడు' అనుకుంటారు. కాగితంలో ఉన్నది ఆ హామీ కాదు.

ఈ ప్రాంతానికి ఈ ఫైలు కథలో దూరాభారం ఒకటి ఎప్పుడూ ఉంది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లాలోవి. నల్లమల కొండలు దాటి వెళ్లాల్సిన జిల్లా కేంద్రం పోయి ఒంగోలు వచ్చింది గానీ, గిద్దలూరు నుంచి అదీ వంద కిలోమీటర్లు దాటిన దారే. సర్కిల్ ఆఫీసు పని అంటే ఒక రోజు కూలి పోగొట్టుకున్నట్టే. మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న దశాబ్దాల కోరికకు 2025 చివర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆఫీసు దగ్గరికొస్తే చిన్న కాంట్రాక్టరుకు దారి ఖర్చు తగ్గుతుంది. ఫైల్లో అడిగేవి మాత్రం అవే.

రిజిస్ట్రేషన్ తర్వాత అసలు లెక్క

2003 మరో రకంగానూ గుర్తుంచుకోవాల్సిన ఏడాది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ టెండర్లు అప్పుడే మొదలయ్యాయి. అంతకుముందు టెండరు బాక్సు ఉన్న ఆఫీసు గేటు దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి, పోటీదారుల్ని షెడ్యూలు వేయనీయకుండా చేసేవాళ్లు. కంప్యూటరు వచ్చాక ఆ గేటు మాయమైంది. డిజిటల్ సంతకం ఉంటే మార్కాపురంలో కూర్చుని శ్రీకాకుళం పనికి టెండరు వేయొచ్చు. అయితే శ్రీకాకుళం వాళ్లూ మార్కాపురం పనికి వేస్తారు. పోటీ పెరిగి లెస్సులు, అంటే ఎస్టిమేటు కంటే తగ్గించి వేసే శాతాలు పెరిగాయి.

లెస్సు ఎంత దూరం పోతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఎస్టిమేటు కోటి రూపాయలు. టెండరు వేసేటప్పుడు ధరావతు 1 శాతం, అంటే లక్ష. పని దక్కి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఇంకో 1.5 శాతం, లక్షన్నర. తర్వాత ప్రతి బిల్లులోంచి 7.5 శాతం అదనపు డిపాజిట్ కింద పట్టుకుంటారు. ఎస్టిమేటు ధరకే పని చేసినా మొత్తం 10 లక్షలు ప్రభుత్వం దగ్గరే నిలిచిపోతాయి. పోటీలో 30 శాతం లెస్సు వేస్తే పని విలువ 70 లక్షలు. ఎస్టిమేటులో 75 శాతానికి, వేసిన ధరకు మధ్య తేడా 5 లక్షలు. దానికి బ్యాంకు గ్యారంటీనో డీడీనో విడిగా కట్టాలి. 25 శాతం కంటే దిగువకు పోయేవాళ్లను అదుపులో పెట్టడానికి వచ్చిన నియమమిది. డబ్బున్నవాడు కడతాడు, లేనివాడు ఆగిపోతాడు.

బిల్లు వచ్చే రోజున కోతలు వేరే ఉంటాయి. ఆదాయపు పన్ను వ్యక్తికైతే 1 శాతం, కంపెనీకైతే 2 శాతం. భవన నిర్మాణ కార్మికుల సెస్సు 1 శాతం. నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌కు 0.1 శాతం. కంకర, ఇసుక మీద సీనరేజి రుసుము. రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుకు జీఎస్టీ కింద 2 శాతం ముందే పట్టుకుంటారు. ప్రభుత్వ నిర్మాణ పనుల్లో చాలావాటికి 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2022 జూలై 18 నుంచి 18 శాతమైంది. నడుస్తున్న పనుల్లో ఈ తేడా ఎవరు భరించాలన్న పంచాయితీ చాలాచోట్ల నడిచింది.

పెద్ద పనుల్లో '2ఏఎన్ మైనస్ బి' అనే సూత్రం అడ్డం నిలుస్తుంది. గత అయిదేళ్లలో ఒక ఏడాదిలో చేసిన అత్యధిక పని విలువ ఏ. కొత్త పనికి ఇచ్చిన ఏళ్లు ఎన్. ఇప్పటికే చేతిలో ఉన్న పనుల విలువ బి. మంచి ఏడాదిలో 60 లక్షల పని చేసి, చేతిలో 30 లక్షల పని ఉన్న మనిషికి ఏడాది గడువున్న కొత్త పనిలో వచ్చే సామర్థ్యం 120 లోంచి 30 పోను 90 లక్షలు. ఈ సూత్రం వర్తించే కోటి రూపాయల పని ఆయనకు దక్కదు. సూత్రం సబబైనదే, తలకు మించిన పని నెత్తికెత్తుకోకుండా ఆపుతుంది. కానీ పెద్ద పని చేస్తేనే పెద్ద పని వస్తుంది కాబట్టి, కింది మెట్టు మీద ఉన్నవాడు పైకి ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో ఒక బిల్లు ఆగితే మళ్లీ కిందికే.

పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది

మెట్లు ఎక్కలేనివాళ్లు పక్కదారి వెతుకుతారు. తరగతి ఉన్న కాంట్రాక్టరు పేరు మీద టెండరు వేసి, ఆయనకింత శాతం ముట్టజెప్పి, పని తాము చేసుకోవడం నిర్మాణరంగంలో అందరికీ తెలిసిన అలవాటు. అగ్రిమెంటులో ఒకరి పేరు ఉంటుంది. పెట్టుబడి ఇంకొకరు పెడతారు. సైటులో నిలబడేది మేస్త్రీ. అనుభవ పత్రం మాత్రం పేరున్నవాడికి పోతుంది. అట్లా పని చేసినవాడు పదేళ్ల తర్వాత కూడా కాగితం మీద అనుభవం లేనివాడే.

ఈ ప్రాంతంలో ఇది పెద్ద ఎత్తున కనిపించేది సబ్ కాంట్రాక్టుల్లో. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, 2004 తర్వాత సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞంలో ఊపందుకుంది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఆనకట్టలు, 43.5 టీఎంసీల నీళ్లు, 4.47 లక్షల ఎకరాల ఆయకట్టు లక్ష్యం. సొరంగం తవ్వే యంత్రం ఉన్న కంపెనీలకే మొదటి గుత్తలు పోయాయి. పోవాల్సింది కూడా అట్లాగే. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024 జనవరిలో తవ్వకం ముగించుకున్నాయి. ఇలాంటి పనిలో స్థానికులకు దొరికేవి మట్టి తోలడం, టిప్పర్లు పెట్టడం, రాతి పని, కాంక్రీటు ముక్కలు. కిందికి వచ్చేకొద్దీ రేటు తగ్గుతుంది, బాధ్యత పెరుగుతుంది, చేతిలో కాగితం పల్చబడుతుంది.

ఇదే నేల మీద కంభం చెరువు ఉంది. గుండ్లకమ్మ నీటికి రెండు కొండల మధ్య కట్ట వేసి విజయనగర కాలంలో కట్టారు. వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. ఆ కట్ట నేటికీ నీళ్లు ఆపుతోంది. దాన్ని కట్టిన ఒడ్డెర్లకూ రాతి పనివాళ్లకూ ఏ తరగతి రిజిస్ట్రేషనూ లేదు. అయితే అప్పట్లో పని చేయించినవాళ్లు అక్కడే ఉండేవాళ్లు, చేసినవాడి పేరు అందరికీ తెలుసు. పేరు తెలియని చోట కాగితం అవసరమవుతుంది. ఇప్పుడు మన పట్టణాలు అలాంటి చోట్లయ్యాయి.

గ్రామాల్లో ఇంకో దారి ఉంది, నామినేషన్. చిన్న పనుల్ని టెండరు లేకుండా పంచాయతీకో, నీటి సంఘానికో, ఊరి నాయకుడికో అప్పగిస్తారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కాంట్రాక్టర్లు వద్దేవద్దని చెప్పింది. కూలికి కనీసం 60 శాతం, సామగ్రికి 40 శాతానికి మించకుండా ఖర్చు పెట్టమంది. ఊళ్లలో చాలా సిమెంటు రోడ్లు ఆ 40 శాతం వాటాలోంచే వచ్చాయి. చట్టం వద్దన్న కాంట్రాక్టరు ఊళ్లో పార్టీ మనిషి రూపంలో ఉన్నాడు. ప్రభుత్వం మారితే ఆయన బిల్లు ఆగుతుంది. 2019 ఎన్నికల తర్వాత ఉపాధి పనుల బకాయిలు హైకోర్టు దాకా వెళ్లాయి. వడ్డీతో సహా చెల్లించమని 2021లో కోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ పక్కాగా ఉన్నవాడికీ బకాయిల బెడద తప్పలేదు. నామినేషన్ పనుల్లో వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 50 శాతం కేటాయిస్తూ 2019లో చట్టం వచ్చింది. కేటాయింపు మంచిదే. పని ముగిశాక చెల్లింపు సకాలంలో రాకపోతే పెట్టుబడి లేని వర్గాల వాళ్లే ముందు మునుగుతారు.

టెండరు విధానం కూడా ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది. 2019 ఆగస్టులో, వచ్చిన ధరను మళ్లీ పోటీ పెట్టి తగ్గించే రివర్స్ టెండరింగ్ వచ్చింది. 100 కోట్లు దాటిన టెండర్లను ముందే న్యాయమూర్తి చూసే చట్టం అదే ఏడాది వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక రెండూ పోయాయి. ఈ మార్పులు పెద్ద కంపెనీలకు పెద్ద వార్తలు. అయిదో తరగతి మనిషికి బిల్లు ఎప్పుడొస్తుందన్నదే వార్త.

లైసెన్సు లేని చోట ఇల్లు

ఇప్పుడు ఇంటికి వద్దాం. ఒప్పందం ఎట్లా కుదురుతుందో దగ్గర్నుంచి చూస్తే సమస్య ఎక్కడుందో అర్థమవుతుంది. లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా అన్నది మొదటి మాట. లేబర్ అయితే చదరపు అడుగుకు ఇంతని. పునాది లేచాక ఒక భాగం, లింటెల్ దగ్గర ఒకటి, శ్లాబు వేశాక ఒకటి, పూతలయ్యాక ఒకటి, చివరికి కొంత. ఇవి ఒక నోటు పుస్తకంలో, అదీ లేకపోతే ఫోన్‌లో రాసుకుంటారు. రాయనివి ఇంకా ఎక్కువ: సజ్జలు చదరంలోకి వస్తాయా, పోర్టికో సగం లెక్కా పూర్తి లెక్కా, మెట్లు విడిగానా, పిట్టగోడ ఎవరిది, సంపు, సెప్టిక్ ట్యాంకు గుత్తలో ఉన్నాయా? తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కోటి రూపాయల ప్రభుత్వ పనికి ఫైళ్ల కట్ట ఉంటుంది. జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో కట్టే ఇంటికి ఒక్క పేజీ ఉండదు.

నాణ్యత సంగతి ఇంకా సూక్ష్మం. ఈ నేల నీటికి కటకట. క్యూరింగ్ మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, కలిపిన రకం సిమెంటుకు 10 రోజులు అంటుంది. ఎండలు మండే పొడి వాతావరణంలో ఆ గడువును 10కి, 14కి పెంచమంటుంది. మార్కాపురం వేసవి అచ్చంగా ఆ వాతావరణమే. శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి, పిల్లర్లకు గోనె పట్టాలు చుట్టి తడపాలి. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే చోట మొదట కోత పడేది దీనికే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి పడమటి మండలాల్లో అందరికీ తెలుసు. మనిషి ఎముకకు అది ప్రమాదం. ఇంటి ఎముక అయిన చువ్వకు ప్రమాదం క్లోరైడ్, అంటే ఉప్పదనం. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదని అదే ప్రమాణం చెబుతుంది. ఈ రెండు సంగతులూ తెలిసిన మేస్త్రీలున్నారు, తెలియనివాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో తెలుసుకునే వీలు ఇంటి యజమానికి లేదు.

ప్లాను మీద సంతకం పెట్టే ఇంజినీరుకు లైసెన్సు ఉందిగా అనొచ్చు. 2017 నాటి భవన నిబంధనలు ఆయనను బాధ్యుణ్ని చేశాయి. కానీ చాలా ఇళ్లలో ఆయన పాత్ర ప్లాను అనుమతి దాకానే. శ్లాబుకు చువ్వలు కట్టిన రోజున, కవరు బిళ్లలకు బదులు కంకర రాళ్లు పెట్టారా లేదా అని వంగి చూసేది ఆయన కాదు. రెరా ఇంత చిన్న ఇంటి జోలికి రాదు.

పేదల ఇళ్ల పథకాల్లో ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. 2020 తర్వాత వేసిన కాలనీల్లో ఇంటి యూనిట్ విలువ 1.80 లక్షలు. సామగ్రి తీసుకుని కట్టుకోవడం, డబ్బు తీసుకుని కట్టుకోవడం, ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం అని మూడు ఆప్షన్లు పెట్టారు. మూడోది ఎంచుకున్నవాళ్ల తరఫున పని గుత్తకు తీసుకున్నవాళ్లలో కొందరు మధ్యలోనే వదిలి వెళ్లారు. ఎవర్ని నిలదీయాలో లబ్ధిదారుడికి తెలియలేదు. దోర్నాల, గిద్దలూరు వైపు నల్లమల చెంచు గూడేలకు 2023లో మొదలైన పీఎం జన్‌మన్ కింద ఇళ్లు వస్తున్నాయి. రోడ్డు లేని గూడెం దాకా సిమెంటు మోసుకుపోయే మేస్త్రీ దొరకడమే కష్టం. అక్కడ లైసెన్సు అడగడం వ్యర్థం. చెంచు యువకులకే తాపీ నేర్పడం మేలైన దారి.

యజమానికి చట్టం అసలు లేదనుకోకూడదు. ఇల్లు కట్టడం కూడా 'సేవ'లోకి వస్తుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు అదే దారి వేసింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, 5 లక్షల దాకా చెల్లించిన సేవకైతే ఫీజు లేకుండా, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. చిక్కల్లా రుజువు. నోటి మాట ఒప్పందం కూడా మన దేశంలో చెల్లుతుంది గానీ, నోటి మాటను రుజువు చేయడమే గగనం. మేస్త్రీకీ ఇదే బాధ. చివరి భాగం డబ్బులు ఎగ్గొట్టిన యజమానుల గురించి అడిగితే ఏ మేస్త్రీ అయినా గంట సేపు చెబుతాడు.

ఉన్న లైసెన్సు నేర్పే పాఠం

లైసెన్సు పెడితే సరిపోతుందా అన్నదానికి జవాబు మన కళ్ల ముందే ఉంది. వైరింగు పని రాష్ట్రం ఇచ్చిన లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే, యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు అజమాయిషీలోనే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు చెబుతాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం లాంటి చిన్న పనులకే మినహాయింపు. ఇందులో పరీక్ష ఉంది, వైర్‌మన్ పర్మిట్ ఉంది, ఎర్తింగ్, ఇన్సులేషన్ కొలిచే సాధనాలు ఉండాలన్న షరతు ఉంది. కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్‌లో లేనిదంతా ఇక్కడ ఉంది.

మరి చిన్న ఊళ్లలో జరిగేదేమిటి? వైరింగు చేసేది కుర్రాడు. మీటరు దరఖాస్తుకు కావాల్సిన సంతకం లైసెన్సున్న పెద్దాయనది. ఆయన ఆ ఇంటి గడప తొక్కి ఉండకపోవచ్చు. పరీక్ష పెట్టి ఇచ్చిన లైసెన్సు కూడా, తనిఖీ లేని చోట, అమ్ముడుపోయే సంతకంగా మారుతుంది. మేస్త్రీలకు లైసెన్సు పెట్టాలనేవాళ్లు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

బయటి ప్రపంచంలో కూడా అందరూ ఒక దారిలో లేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1929 నుంచి కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు ఉంది. నాలుగేళ్ల పని అనుభవం చూపాలి, చట్టం మీద ఒకటి, చేతి పని మీద ఒకటి పరీక్షలు రాయాలి, 25,000 డాలర్ల బాండు ఉంచాలి. లైసెన్సు లేకుండా చేయగలిగిన పని హద్దు 500 డాలర్లుండేది, 2025 నుంచి 1,000 అయింది. అసలు పదును మరోచోట ఉంది: లైసెన్సు లేనివాడు పని పూర్తి చేసినా డబ్బు కోసం కోర్టుకెక్కలేడు, పైగా తీసుకున్నది యజమాని తిరిగి రాబట్టుకోవచ్చు. అక్కడ ఇల్లు మరమ్మతు చేయించుకునేవాళ్లు బోర్డు సైటులో నంబరు కొట్టి చూసుకోవచ్చు. అదే దేశంలో టెక్సాస్‌లో ఇళ్లు కట్టే సాధారణ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సే లేదు. కరెంటు, ప్లంబింగ్ పనులకు మాత్రం ఉంది. మన దగ్గర కేరళ, కర్ణాటకల్లోనూ మనలాగే ప్రభుత్వ పనుల తరగతులున్నాయి.

కాలిఫోర్నియా పద్ధతిని ఇక్కడికి తెస్తే ఏమవుతుంది? రాత పరీక్ష మన మేస్త్రీల్లో చాలామందిని మొదటి రోజే బయటికి నెడుతుంది. వాళ్లలో తల్లిదండ్రుల వెంట హైదరాబాదుకో బెంగళూరుకో వలస వెళ్లి, అక్కడి సైట్లలో పని నేర్చి తిరిగొచ్చినవాళ్లు ఎందరో. 'లైసెన్సు లేదు కాబట్టి డబ్బులివ్వను' అనే ఆయుధం యజమాని చేతికిస్తే, ఇప్పటికే బలం లేనివాడి నెత్తినే పిడుగు పడుతుంది. లైసెన్సు తప్పనిసరి అనే మాట ఇక్కడ ఇప్పట్లో సబబు కాదు.

చేయగలిగినవి

అలాగని ఉన్నది ఉన్నట్టు వదలనక్కర్లేదు. కావాల్సిన ముక్కలన్నీ ఇప్పటికే ఉన్నాయి, వాటిని కలిపేవాళ్లే లేరు.

మొదటిది, చేతి పని గుర్తింపు. 1998లో హైదరాబాదులో పుట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ కార్మికులకు కూడా శిక్షణ ఇస్తుంది. వచ్చిన పనిని చూసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. అందులో మేస్త్రీ పని కట్టి చూపిస్తాడు. ఆ సర్టిఫికెట్‌ను అయిదో తరగతి రిజిస్ట్రేషన్‌కు అనుభవంగా లెక్కిస్తే, పేరు అద్దెకు తెచ్చుకునే మేస్త్రీ సొంత పేరుతో నిలబడతాడు. జేబుతో పాటు చేతిని కూడా కొలిచిన మొదటి మెట్టు అదవుతుంది.

రెండోది, దానికి డబ్బు. 1996 సెస్సు చట్టంతో నిర్మాణ వ్యయంలో 1 శాతం వసూలు మొదలైంది. ఆ చట్టంలో 10 లక్షల లోపు సొంత ఇళ్లకే మినహాయింపు ఉండేది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసిన కార్మికుడు సంక్షేమ బోర్డు కార్డు తీసుకోవచ్చు. అంటే మేస్త్రీల జాబితా తయారవడానికి వీలూ ఉంది, నిధీ ఉంది. కార్డు మీద నైపుణ్యం కూడా రాస్తే ఇల్లు కట్టుకునేవాడికి అడిగి చూసుకునే ఆధారం ఒకటి దొరుకుతుంది.

మూడోది ఒక్క పేజీ ఒప్పందం. సజ్జ లెక్క, మెట్ల లెక్క, విడతలు, క్యూరింగ్ ఎన్ని రోజులు, నీళ్లు ఎవరు తెప్పించాలి, తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోవాలి. తెలుగులో ముద్రించి గ్రామ సచివాలయంలో ఉంచితే చాలు. దీనికి చట్టం అక్కర్లేదు.

నాలుగోది బిల్లు. ప్రభుత్వం చిన్న తరగతుల బిల్లులకు వరుస క్రమం పాటించి, ఆలస్యానికి వడ్డీ తానే ఇస్తే, డబ్బున్నవాడే నెగ్గే ఆట కొంత సర్దుకుంటుంది. రిజిస్ట్రేషన్ కష్టమని కింది మెట్టు కాంట్రాక్టర్లు మానుకోవడం లేదు. రిజిస్ట్రేషన్ తర్వాత అప్పుల వడ్డీ మోయలేక మానుకుంటున్నారు.

ఈ నాలుగింటిలో దేన్నీ మొదలుపెట్టే ఓపిక లేదంటే, ఒక్కటి చేయొచ్చు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉద్యోగం ఉంది. శ్లాబు వేసే ముందు రోజు ఇంటి యజమాని ఫోను చేస్తే ఆయన వచ్చి చువ్వల దూరం, కవరు, సెంట్రింగ్ ఆసరాలు చూసి, ఫోటో తీసి, కాగితం మీద రాసి వెళ్లాలి. గంట పని. మేస్త్రీకి లైసెన్సు ఉన్నా లేకపోయినా ఇంటి కప్పు మంచిదో కాదో తేలేది కాంక్రీటు పోయకముందు ఆ గంటలోనే. పోశాక ఏ కాగితమూ ఆ చువ్వను పక్కకు జరపలేదు.